నక్క కడిగిన కొండపిండి

గుట్ట మీద రాళ్ళ వాలులో ఒక కుందేలు కొండపిండి మొక్కలు పెంచుకుంది. ఆకుల మీద వెండిపొడి చల్లినట్టు ఉంటుంది, ముట్టుకుంటే పిల్లి చెవంత మెత్తన. రోహిణి ఎండకు కింద చేలన్నీ మాడిపోయినా, ఏటేటా ఆ మొక్కలు మాత్రం చెక్కుచెదరవు. వాటి కిందే కుందేలు తన పిల్లల్ని దాచుకునేది. నీడకని పూరేడు పిట్టలూ అక్కడికే చేరేవి.

పూరేళ్ళు చేరిన చోటు నక్కకు తెలియకుండా ఉంటుందా?

"ఏమే కుందేలా, ఈ తోట ఇవాళ్టి నుంచి నాది. పిల్లల్ని నువ్వు ఎత్తుకుపోతావా, నన్ను ఎత్తుకుపొమ్మంటావా?"

కుందేలు రాతి సందులోంచి ముక్కు మాత్రం బయటపెట్టింది.

"పోతాలే మావా. పైన బండల్లో గింజలెగిరిపడి నాలుగు మొక్కలు మొలిచాయి. అక్కడ తలదాచుకుంటాం."

నక్క పైకి చూసింది. ఏది బండో ఏది మొక్కో దానికి తెలియలేదు. అంతా ఒకటే బూడిద రంగు. "ఆ రాళ్ళేనా? ఏలుకో పో!"

"ఒక్క మాట మావా. వీటికి నీళ్ళు పోయకు, ఎరువు వేయకు. ఆకు మీది నూగు జోలికి అసలే పోకు. ఎండకు ఆ నూగే వాటికి గొడుగు. ఇంత మొక్కకు అంత తెలివి ఎవరిచ్చారో గానీ, నేను చూసి చూసి నేర్చుకున్నా."

నక్క పకపకా నవ్వింది. "నీళ్ళు లేకుండా బతికే మొక్కలా! నేను ఎండబెట్టి వదిలేస్తే మళ్ళీ వచ్చి కూచుందామనేగా! నా దగ్గరా నీ ఎత్తులు? నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!"

"నాకు నాలుగున్నాయి మావా, పోతూ చూపిస్తా," అని పిల్లల్ని తోలుకుని కుందేలు ఎగువకు ఒక్క పరుగు తీసింది.

నక్క ఒక గాడిదను కుదుర్చుకుంది. ఎవరి దొడ్లోంచో పారిపోయి వచ్చింది అది, వీపున రెండు కుండలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. తోటలో గడ్డి సగం నీదే అంటే నమ్మేసింది.

"మావా, ఇవి ఇలా పాలిపోయాయేంటి? రోగమా?"

"దుమ్ము! ఆ కుందేలుకు శుభ్రం ఎక్కడ ఏడ్చింది? మడుగు నుంచి నీళ్ళు మొయ్యి. నీ లద్దె కూడా మొదళ్ళలో వెయ్యి. ఆకు ఆకూ రుద్ది కడుగు. పూరేళ్ళు చూసి నోళ్ళు వెళ్ళబెట్టాలి!"

గాడిద మోసింది, రుద్దింది. నూగు రాలి ఆకులు పచ్చబడ్డాయి. నక్క తోక ఎత్తుకుని తోటంతా తిరిగింది. కానీ ఆ ముచ్చట ఎన్నాళ్ళు? నూగులేని ఆకులు ఎండకు పెనం మీది అప్పడాల్లా ముడుచుకున్నాయి. కింద వేళ్ళు బురదలో కుళ్ళాయి.

"దాహమేసినట్టుంది. ఇంకా పొయ్యి!" అంది నక్క.

పెంచిన ప్రాణం కదా, పైన కుందేలు చూడలేకపోయింది. "మావా, నీళ్ళు చాలించు! చచ్చిపోతున్నాయి!"

"విన్నావా? కుళ్ళి ఏడుస్తోంది. అంటే మనం చేసేది సరైన పనే. ఇంకో రెండు కుండలు!"

చివరికి వాలు బోడిగుండయింది. పూరేళ్ళు ఎగిరి కుందేలు దగ్గరికి చేరాయి.

"నా సగం గడ్డి ఏది మావా?"

"గాడిద గుడ్డు!"

గాడిద వెనక్కాళ్ళతో ఒక్కటి తన్ని తన దారిన తను పోయింది.

నక్క కుంటుకుంటూ బండల దాకా ఎక్కింది. సందులో మూతి తప్ప ఇంకేమీ పట్టలేదు. లోపల వెండాకుల నీడన పిల్లలు హాయిగా నిద్రపోతున్నాయి.

"ఇప్పుడైనా నిజం చెప్పవే. వీటికి ఏం పోస్తున్నావు?"

"ఏమీ పోయలేదు మావా."

"చూశావా, ఇంకా దాస్తోంది!" అని గొణుక్కుంటూ, ఆ మండుటెండలో మూడు కాళ్ళ మీద నక్క గుట్ట దిగిపోయింది.

అబద్ధాల మీద బతికేవాణ్ణి ఓడించడానికి వేరే ఎత్తు అక్కర్లేదు, నిజం చెబితే చాలు.