గేదె కూతురికి ఇద్దరు వైద్యులు

ముసురు పట్టి నాలుగు రోజులు. మబ్బే కిందికి దిగి పశువుల పాకలో పడుకుందేమో, ఏది పొగో ఏది ఊపిరో తెలియడం లేదు. ఆ మసకలో నీలి అనే గేదె నెమరు మరిచి కూతురినే చూస్తోంది. పెయ్యకి పారుడు పట్టుకుంది, విరేచనాలు ఆగడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. తల్లి నాకినా తోక కదపడం లేదు.

పాకలో వైద్యులకు కొదవలేదు. అదే తంటా.

"దానిమ్మ తొక్క నమిలి గంజిలో కలిపి పోస్తా కోడలా," అంది ముసలి మేక. "మా అమ్మమ్మ నాటి మందు. ఆ కాకి తెస్తానంటున్న మందు పొట్లం ముట్టావో, నేనిటు తొంగి చూడను."

"తొక్కలు తినేదానికి వైద్యమేం తెలుసు చెల్లెమ్మా," అంది దూలం మీది కాకి. పశువుల ఆసుపత్రి చూరులో గూడు కట్టినప్పటినుంచీ దాని కళ్లు నెత్తికెక్కాయి. "ఒంట్లో నీరంతా పోతోంది. ఉప్పూ చక్కెరా కలిసిన పొట్లం తెస్తా, నీళ్లలో వేసి తాగించు. మేక చెత్త పోశావా, నన్ను పిలవకు."

"నీళ్లు నువ్వు పోస్తావు సరే, పారుడు కట్టేదెవరు, మీ తాతా?" అంది మేక.

ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు, వీళ్ల పౌరుషాల నడుమ పెయ్య కరిగిపోతోంది. నీలికి కునుకు పట్టింది. కలలో కూతురు మబ్బులోకి నడిచిపోతోంది, గిట్టల చప్పుడైనా లేకుండా. ఉలిక్కిపడి లేచింది. గేదెకు బుర్ర మందమని లోకం నమ్మకం. ఆ నమ్మకమూ ఒక్కోసారి పనికొస్తుంది.

మేక దగ్గరికి పోయి, "అత్తా, కాకి వల్ల కాలేదట. నీవల్లా కాదంటోంది," అంది.

"దాని మొహం," అంటూ మేక తొక్క నమలసాగింది.

కాకి దగ్గర, "అన్నా, మేకత్త ఓడిపోయింది. నువ్వూ అంతేనంటోంది," అంది. కాకి రివ్వున ఎగిరిపోయి పొట్లంతో వాలింది.

పొద్దున కాకి నీళ్లు, సాయంత్రం మేక గంజి, నడుమ తల్లి పాలు. ఒకరుండగా ఒకరు రాకుండా నీలి చూసుకుంది. మూడోనాటికి మబ్బు చిరిగి పాకలో ఎండ పడింది. పెయ్య వణుకుతూనే లేచి, తల్లి పొదుగు వెతుక్కుంది.

"నా తొక్క మహిమ," అంది మేక.

"నా పొట్లం," అంది అప్పుడే వాలిన కాకి.

"నీవల్ల కాలేదట కదా?" అంది మేక.

"ఓడింది నువ్వు కదా?" అంది కాకి.

ఇద్దరూ నీలి వైపు తిరిగారు. అది తీరిగ్గా నెమరేస్తోంది.

"మొద్దు మొహమా, మమ్మల్నే బోల్తా కొట్టించావా?" అంది మేక.

"కొట్టించాను అత్తా. మీ గొప్ప తేలేదాకా నా బిడ్డ ఆగగలదా? పోట్లాడుకోవాలంటే బయటికి పోండి. పాలు తాగుతోంది, బెదురుతుంది."

పంతం గెలిచిన పాకలో దూడ మిగలదు.