నాచుపోగు అంటిన అర్ఘ్యం

పూర్వం త్రేతాయుగారంభంలో, వింధ్యపాదసీమలోని హంసావర్తమనే కొలనులో, తపోధనుడైన శుచివ్రతమహర్షి కంఠం దాకా నీట మునిగి, జలాధిపతియైన వరుణదేవుని గూర్చి పన్నెండేళ్ల తపస్సుకు పూనుకొన్నాడు. వరుణలోకనివాసమే ఆయన కోరిక. వ్రతం ముగియడానికి మూడు నెలలుందనగా ఆయనకొక చిరాకు పట్టుకొంది. నాచు పాదాలకు చుట్టుకొనేది, వేరు నేలనంటని అంతరతామర మొక్క తేలివచ్చి గడ్డానికి తగిలేది. మడికి భంగమని ఆయన మాటిమాటికీ జపం మొదటికి తెచ్చుకొనేవాడు. తపస్సుతో పాటు కోపమూ పండుతుంది కాబోలు, ఒకనాడు దోసిట నీరు పట్టి, "దేవపూజకు పనికిరాని మొక్క ఏదీ ఈ కొలనులో నిలువకుండుగాక" అని శపించాడు. నాచు, తుంగ, అంతరతామర క్షణంలో మాడిపోగా నాలుగు తామరలు మిగిలి, నీరు అద్దంలా తేరింది.

గట్టున ఫలాలు పట్టుకొని నిలిచిన ధర్మపత్ని అర్చిష్మతి, పతివ్రతే గాని మాట దాచుకొనే ఇల్లాలు కాదు.

"స్వామీ, అందులో కాపురముండేవాళ్లనొక మాట అడిగారా?" అంది.

"మడిలో ఉన్నవాణ్ని పలకరించకు" అన్నాడు ముని.

నెల తిరిగేసరికి నీడ లేక నీరు కాగి, బురద లేచి, దాగే చోటు లేని చేపపిల్లలను కొంగలు ఏరుకు తిన్నాయి. తెల్లవారుజామున పెద్ద చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి ఊపిరికి తన్నుకొనేవి. ముని కళ్లు గట్టిగా మూసుకొని జపించాడు. ఎందుకు మూసుకొన్నాడో ఆయనకు తెలుసు.

వ్రతాంతదినాన సూర్యోదయవేళ అర్ఘ్యమెత్తగా, దోసిట్లో వేలెడంత చేపపిల్ల కొట్టుకొంటోంది. మకరవాహనుడై, పాశహస్తుడై ప్రత్యక్షమైన వరుణుడు చేయి చాచి వెనక్కి తీసుకొన్నాడు.

"మునీంద్రా, నీ వ్రతం నిండింది. కాని ఊపిరి పోయిన ఈ నీటిని నేను పుచ్చుకోలేను. నీవు మైల అన్న నాచే ఈ కొలనుకు ఊపిరి, ఈ పిల్లలకు పురిటిల్లు."

ముని సిగ్గుతో తలవంచి, "అయితే ప్రభూ, వరంగా ఆ నాచునే ఇప్పించు" అన్నాడు.

"ఋషిశాపం మరల్చడం నాకు శక్యం కాదు. నీ తపఃఫలమంతా ధారపోస్తే తీరుతుంది. అప్పుడు నా లోకంలో నీకు చోటుండదు."

పన్నెండేళ్లు. ముని గట్టువైపు చూశాడు. అన్నేళ్లూ ఎండలో వానలో కాచుకొన్నది ఆమె కూడా.

"దోసిట్లో ప్రాణం పోతోంది స్వామీ. లోకాల సంగతి తరువాత చూద్దాం" అంది అర్చిష్మతి.

ఆయన మరి ఆలోచించక ధారపోశాడు. అడుగునుంచి పచ్చగా నాచు లేచింది, తుంగ మొలిచింది, నీరు చల్లబడింది. చేపపిల్ల ఒకసారి తోక విదిల్చి నాచులోకి దూరిపోయింది. మహర్షి కళ్లు చెమర్చాయి.

మళ్లీ ఎత్తిన అర్ఘ్యంలో వేలికొక నాచుపోగు అంటుకొని ఉంది. వరుణుడు దానితోనే ప్రీతిగా స్వీకరించి, "నా లోకానికి నీవు రానక్కరలేదు. నేనే ఈ కొలనులో నివసిస్తాను" అని వరమిచ్చాడు.

గట్టెక్కుతుంటే నాచు మునిపాదానికి చుట్టుకొంది. ఆయన వంగి, తెగకుండా విడదీసి, నీళ్లలో వదిలి, భార్య చేతి పండు అందుకొన్నాడు. ఈ కథ విన్నవారు కొలనులో అడుగు మెల్లగా పెడతారట.