నేలకందే సీటు

కనిగిరికి పడమటగా ఉన్న మెట్ట ఊళ్ళలో సువార్త అనే నర్సు పనిచేస్తుండేది. సూది వేసేటప్పుడు ఆమె చెయ్యి ఏనాడూ వణకలేదు గానీ, సైకిలెక్కితే మాత్రం ఎక్కడ పడిపోతానోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేది.

ఆ రోజుల్లో ఆ ఊళ్ళకు బస్సు లేదు, ఫోను లేదు. నర్సులకు సైకిలే దిక్కు. సువార్త మంచి పొడగరి. అయినా తన సైకిలు సీటును అడుగంటా దించి, నట్టు బిగించి పెట్టుకుంది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. అప్పుడే ఆమెకు ధైర్యం. తొక్కుతుంటే మోకాళ్ళు హ్యాండిలుకు తగిలేవి. తొడలు మండిపోయేవి. చిన్న మెరక వచ్చినా దిగి తోసుకుంటూ నడిచేది. సాయంత్రం ఇల్లు చేరేసరికి మోకాళ్ళు పట్టేసేవి. ఉప్పు కాపడం పెట్టుకుని పడుకునేది.

పక్క ఊళ్ళో పనిచేసే పెద్ద నర్సు హైమావతి ఇది చూసి ఊరుకోలేకపోయేది.

"సువార్తా, ఆ సీటు పైకి లేపవే. అంత పొడుగు మనిషివి, చిన్నపిల్లల బండి తొక్కినట్టు తొక్కుతున్నావు. మోకాళ్ళు పాడైపోతాయి."

"వద్దక్కా. ఎదురుగా గేదె వచ్చిందనుకో, కాలు అందకపోతే పడిపోనూ?"

"ఆగేటప్పుడు సీటు మీదే కూర్చుంటారా ఎవరైనా? ముందుకు జారి కాలు దించాలి."

"నేర్చుకుంటాలే అక్కా," అని సువార్త మాట దాటేసేది. అది నేర్చుకునేటప్పుడు ఎక్కడ పడతానోనని కూడా ఆమెకు భయమే.

ఒక వేసవి మధ్యాహ్నం మాలకొండయ్య అనే రైతు రొప్పుకుంటూ ఆమె గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. మాట సరిగా రావడం లేదు.

"అమ్మా, మా అంకమ్మకు నొప్పులొస్తున్నయ్. ఇంకా దినాలు నిండలా. ఇంటికాడ మా అమ్మ ఒక్కతే ఉంది. తొందరగా రావాల!"

సువార్త వెంటనే మందుల సంచి అందుకుంది. మొదటి కాన్పులో అతని భార్య అంకమ్మకు రక్తం విపరీతంగా పోయింది. అందుకే ఈసారి ముందుగానే ఆసుపత్రిలో చేర్పించాలని సువార్తే చెప్పి ఉంచింది. నొప్పులు అంతవరకూ ఆగలేదు.

"నువ్వు అటునుంచి అటే పెద్దరోడ్డుకు పో. ట్రాక్టరో జీపో, ఏది దొరికితే అది మీ ఇంటికి తీసుకురా. నేను ముందు వెళ్తాను," అని మందుల సంచి హ్యాండిలుకు తగిలించి సైకిలెక్కింది.

వడగాలి ఎదురు కొడుతోంది. సువార్త ఎన్నడూ లేనంత గట్టిగా తొక్కింది. ఎంత తొక్కినా కాలు పూర్తిగా చాపడానికి వీల్లేదు. మడిచిన మోకాలు మడిచినట్టే ఉంటే బలం ఎక్కడినుంచి వస్తుంది? సైకిలు నత్తలా పాకుతోంది. 'ఈపాటికి కాన్పయిందేమో. రక్తం ఆగిందో లేదో. ఆ ముసలామెకు ఏం తెలుసు?' అనుకుంటూ తొక్కుతోంది.

ఊరి ముందు పెద్ద మెరక ఉంది. ఎప్పుడూ దిగి నడిచే చోటు. ఈసారి దిగకూడదనుకుంది. సగం ఎక్కేసరికి కుడి మోకాలు కలుక్కుమంది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. కాలు కింద పెట్టింది. పాదాలు నేలకు చక్కగా అందాయి. కానీ అడుగు ముందుకు పడలేదు.

సైకిలును చేతికర్రలా పట్టుకుని, కుంటుకుంటూ, మెరకంతా ఎక్కింది. "ప్రభువా, ఆ పిల్లను కాపాడు," అని పైకే అంటోంది. పొలాల్లో మనిషన్నవాడు లేడు. ఇళ్ళు కనిపిస్తున్నాయి గానీ దగ్గరికి రావడం లేదు.

గుమ్మంలో అడుగు పెట్టగానే పసిపిల్ల ఏడుపు వినిపించింది. అమ్మయ్య అనుకుంది. లోపలికి వెళ్ళి చూస్తే అంకమ్మ ముఖం సున్నంలా పాలిపోయి ఉంది. కింద పరిచిన గుడ్డలన్నీ తడిసిపోయాయి. అత్త వెంగమ్మ పిల్లను చేతుల్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

సువార్త నొప్పి మరిచిపోయింది. రక్తం ఆగడానికి సూది వేసింది. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి గట్టిగా రుద్దుతూనే ఉంది. "అంకమ్మా, కళ్ళు తెరువు. నా వైపు చూడు. నిద్రపోకు తల్లీ," అని పిలుస్తూనే ఉంది.

వెనకనుంచి వెంగమ్మ గొంతు వినిపించింది. "సైకిలుంది గదమ్మా నీకు. ఇంతసేపు ఏడికి పోయినావు?"

సువార్త రుద్దుతున్న చెయ్యి ఆపకుండానే తల వంచుకుంది.

చివరికి రక్తం తగ్గుముఖం పట్టింది. ట్రాక్టరు వచ్చింది. మంచంతో సహా అంకమ్మను ఎక్కించి కనిగిరి తీసుకెళ్ళారు. అక్కడ రక్తం ఎక్కించారు. తెల్లారాక డాక్టరు బయటికి వచ్చాడు. "బతికింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే తల్లి దక్కేది కాదు," అన్నాడు.

మాలకొండయ్య రెండు చేతులెత్తి సువార్తకు దండం పెట్టాడు. ఆ దండం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఆ 'ఇంకాస్త' ఎంత దగ్గరికి వచ్చి వెళ్ళిందో ఆమె ఒక్కదానికే తెలుసు.

మోకాలి నొప్పి తగ్గి నడవగలగగానే ఆమె హైమావతి ఇంటికి వెళ్ళి, జరిగిందంతా చెప్పి, "అక్కా, సీటు పైకి లేపుదాం," అంది.

హైమావతి దెప్పలేదు. సైకిలును గోడకు ఆనించి, సువార్తను ఎక్కించింది. "పెడలు కిందికి తిప్పి మడమ ఆనించు. కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెమే వంగుతుంది. అదీ నీ ఎత్తు," అంది. పానాతో నట్టు వదులు చేసి సీటును ఆ ఎత్తుకు లేపి చూసింది. సీటు కింది గొట్టం దాదాపు మొత్తం బయటికి వచ్చేసింది.

"ఈ గొట్టం నీకు పొట్టి. ఇంత కొస మీద నిలబెడితే విరిగిపోతుంది. పొడుగుది వేయిద్దాం."

పొడుగు గొట్టం వేయించారు. సువార్త పశ్చాత్తాపం కొద్దీ మర్నాడు దాన్ని ఇంకా పైకి లేపుకుంది. ఎత్తు ఎంత ఉంటే అంత వేగం వస్తుందనుకుంది. తీరా చూస్తే పెడలు అందక నడుము అటూ ఇటూ ఊగి, తొడలు ఒరుసుకుపోయాయి. మళ్ళీ మడమ ఆనించి చూసుకుని, సరైన చోటికి దించింది. సీటు కొద్దిగా ముందుకు వాలి ఉందని, చేతుల మీద బరువు పడుతోందని గమనించి, దాన్ని సమంగా బిగించింది.

ఇక దిగడం నేర్చుకోవాలి. హైమావతి పక్కన పరుగెత్తుతుంటే, సువార్త బ్రేకు వేసి ముందుకు జారబోయి, దభీమని ఇసకలో పడింది. ఇన్నేళ్ళుగా భయపడిన పని జరిగిపోయింది. మోచెయ్యి గీరుకుంది. లేచి చీర దులుపుకుని చూసుకుంది.

"ఇంతేనా అక్కా?" అంది.

"ఇంతే. మళ్ళీ ఎక్కు," అంది హైమావతి.

భయం పూర్తిగా పోయిందని చెప్పలేం. సీటెక్కిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. అయినా సీటు దించలేదు. వానాకాలం మొదట్లో ఇంకో ఊరినుంచి పిలుపు వచ్చింది. బురద దారి, పైగా ఎదురు మెరక. సువార్త కాళ్ళు చాపి తొక్కింది. ఒక్కచోట కూడా దిగలేదు. ఆమె వెళ్ళేసరికి ఆ ఇంట్లో ఇంకా నీళ్ళు కాగలేదు. బిడ్డ ఆమె చేతుల్లోనే పుట్టింది. తల్లి తెలివిలోనే ఉండి, "మగపిల్లాడా, ఆడపిల్లా?" అని అడిగింది.

నీతి: పడిపోతామన్న భయంతో తన శక్తిని కుదించుకున్నవాడు పడకపోవచ్చు గానీ, చేరవలసిన వేళకు చేరవలసిన చోటికి చేరలేడు.