రాజుగారి ఒక్క చేప

వీరవరం రాజుగారికి గాలపు పోటీలంటే పిచ్చి. ఆ ఏడు తొలకరిలోనే పెద్దచెరువులో పోటీ పెట్టించాడు. తొలకరి అంటే చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు అక్కడి జాలర్లు వలలు చూరుకు కట్టేసి, రెండు నెలలు అంబలి తాగి బతుకుతారు. ఆ మాట విన్నవించుకుంటే రాజు నవ్వాడు.

"చెరువు మీద నాకూ దయ ఉంది. మనిషికి ఒక్క చేపే! అంతకు మించి పట్టినవాడు ఓడినట్టే."

నలభైమంది దొరలు గాలాలు వేశారు. అందరికన్నా పెద్ద వాలుగ చేప రాజుకే పడింది. తూకం వేసే పని జాలరి నూకాలుది. ఆమె నీళ్లతొట్టిలో ఉంచిన ఆ చేపను ఎత్తి, పొట్ట మీద మెల్లగా ఒత్తింది. గుడ్లు జారి ఆమె దోసిలి నిండింది.

"తమరు ఓడిపోయారు, ప్రభూ."

"నేను పట్టింది ఒక్కటేగా!"

"వీటిని కూడా లెక్కపెట్టించండి. వచ్చే ఏడు మా పిల్లల కూడు ఇదే."

రాజు ఆ దోసిలిని చూశాడు. తర్వాత చేపను తానే ఎత్తుకుని, మోకాలి లోతు నీళ్లలోకి దిగి వదిలేశాడు. వెనకే దొరలూ తమ చేపలతో దిగారు.

"మళ్లీ పోటీ ఎప్పుడు పెట్టమంటావు?" అని అడిగాడు, గట్టెక్కకుండానే.

"మా వలలు చూరు దిగిన రోజున, ప్రభూ."