బానకు కుదురు

తెల్లారితే దర్గాలో ఉరుసు. వచ్చే జనం దప్పిక తీర్చడానికి నీళ్ళ బాన నిలబెట్టాలి. దాని కింద కుదురు చేయలేక, ముప్పై ఏళ్ళుగా మంచాలు చేసిన హుస్సేనప్ప చెమటలు కక్కుతున్నాడు, చూడండి!

ఉన్నవి నాలుగు కర్రలు. నాలుగిళ్ళవాళ్ళు మొక్కుకుని ఇచ్చినవి. ఒకటి ఐదు జానలు, ఒకటి నాలుగు, ఒకటి మూడు. రెండు జానల పొట్టిది కుల్లాయమ్మవ్వ తన గుడిసె గడప ఊడదీసి తెచ్చింది. మొక్కిన కర్రకు రంపం తగలకూడదని ఆ దర్గా కట్టుబాటు.

హుస్సేనప్ప మంచానికి వేసినట్టే పొడుగువి రెండూ ఎదురెదురుగా, పొట్టివి రెండూ ఎదురెదురుగా వేసి, మూలల్లో చీలలు దిగ్గొట్టాడు. గుండ్రటి బానను అందులో కూర్చోబెట్టాడు. అది మూడు కర్రల్ని తాకి, నాలుగోదాన్ని తాకకుండా పక్కకు ఒరిగింది.

"నీ కర్రతోనే వచ్చింది తంటా! తీసుకుపో అవ్వా," అన్నాడు పక్కనే నిలబడ్డ కుల్లాయమ్మవ్వతో.

"పోనీలే నాయనా. రేపు నేనూ ఒక చెంబు పట్టుకుని నీళ్ళు పోస్తా."

"ఆ వణికే చేతులతోనా? పోయి గోడవార కూర్చో."

ముసలమ్మ వెళ్ళి గోడవార కూర్చుంది.

దర్గా గురువు వలీసాబు అంతా విన్నాడు. వచ్చి, చీలలు లాగేశాడు. పొట్టి కర్రను, దాని పక్కనున్న నాలుగు జానల కర్రను ఒకదాని చోట ఒకటి పెట్టాడు. చీలలు వదులుగా దూర్చి, బాన పెట్టమని సైగ చేశాడు.

బాన నాలుగు కర్రల్నీ తాకుతూ కూర్చుంది.

"కోణాలు వంకరగా ఉన్నాయి సామీ..."

వలీసాబు ఒక మూలను అరచేత్తో నెట్టాడు. చట్రం ఇంకా వంకర తిరిగింది. బాన రవ్వంత పైకి లేచిందే గానీ, ఒక్క కర్రా దాన్ని వదల్లేదు.

హుస్సేనప్ప జానతో కొలిచాడు. ఐదూ, ఎదుటి రెండూ... ఏడు. నాలుగూ, ఎదుటి మూడూ... ఏడు. తను వేసినప్పుడు ఒకవైపు జత తొమ్మిది, రెండోది ఐదు! నోరు తెరిచి గురువు వైపు చూశాడు.

"నువ్వు ఇన్నాళ్ళూ మంచాలే చేశావురా," అని నవ్వి, ఆయన నమాజుకు లేచాడు.

మర్నాడు బాన నిండుగా ఉంది. జనం బారులు తీరారు. హుస్సేనప్ప చెంబు ముంచబోతూ ఆగి, గోడవైపు కేకేశాడు.

"అవ్వా! చెంబు పట్టుకుని ఇట్లా రా. పక్కన కాదు... నాకు ఎదురుగా కూర్చో."