గాట్లు నిండిన రథం

అనగనగా, రాచబాటల పక్కన దూరం తెలిపే కోసు రాళ్లు కొత్తగా పాతిన రోజుల్లో, ఏలకొండ అనే ఊళ్లో బయ్యన అనే వైద్యుడు ఉండేవాడు. చెయ్యి మంచిది, మనసు మంచిది. గుండె మాత్రం ఒట్టి పిరికిది. ఉరిమితే ఉలిక్కిపడేవాడు. అన్నం ఉడుకుతుంటే మాడిపోతుందేమోనని మూడుసార్లు మూత తీసి చూసేవాడు. "మీ కంగారుకే అది ఉడకడం లేదు" అని భార్య విసుక్కునేది.

సరిగ్గా అలాంటివాడి నెత్తి మీదే వచ్చి పడింది కష్టం.

ఒకనాడు పొద్దున్నే ఉప్పురేవు నుంచి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. ఉప్పురేవు సముద్రం ఒడ్డున ఉప్పు పండించేవాళ్ల ఊరు. బయ్యన చెల్లెలు ఏరమ కాపురం అక్కడే.

"అయ్యా, ఊరంతా నల్లజ్వరం పట్టుకుంది. మీ మేనకోడలు నీలమకు నిన్నటితో అయిదు రోజులు. ఏడో రోజు దాటితే ఎవరూ దక్కడం లేదు. మీ చెల్లెమ్మ మీ మీదే ఆశ పెట్టుకుని కూర్చుంది" అన్నాడు.

నీలమకు ఏడేళ్లు. మామా మామా అంటూ బయ్యన గడ్డం పట్టుకు లాగే పిల్ల. నిన్నటితో అయిదంటే, రేపటితో ఏడు!

మందు లేక కాదు. నల్లజ్వరానికి కొండతీగ పసరు తిరుగులేని మందు. ఆ తీగ ఏలకొండ మీద తప్ప ఎక్కడా పెరగదు. తెంపిన వెంటనే నూరాలి. నూరిన ఒక్క జాములో తాగించాలి. జాము దాటిందా, పసరు నురగలెత్తి పులిసిపోతుంది. ఉప్పురేవేమో పన్నెండు కోసుల దూరం. ఎద్దుల బండి అక్కడికి చేరేసరికి పొద్దు గూకుతుంది.

గుర్రమెక్కి పోకూడదా అంటారేమో! ఊరందరికీ కావాలంటే రెండు పెద్ద కడవల పసరు తీసుకుపోవాలి. గుర్రం మీద కడవలు పెట్టి దౌడు తీయిస్తే పసరంతా దారిపాలు, పెంకులు మాత్రం ఊరికి చేరతాయి. అందుకని బయ్యనకు కావలసింది పందెపు రథం. తేలికగా ఉండాలి, గాలిలా పోవాలి.

కొత్త పందెపు రథాలు రాజులకే గానీ మనబోటివాళ్లకు దొరుకుతాయా? అయితే కొండ కింద ఆనాడే పాత రథాల సంత. బయ్యన భార్య మారు మాట్లాడకుండా నడుముకున్న వెండి వడ్డాణం విప్పి చేతిలో పెట్టింది. "ఇంతకు మించి మన దగ్గర ఇంకేం లేదు. చూసి కొనండి" అంది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. రథం పది కోసులు తిరిగినప్పుడల్లా దాని నొగ మీద కత్తితో ఒక గాటు పెట్టాలి. నొగ అంటే రథం నుంచి గుర్రాల నడుమకు వెళ్లే పొడవాటి దూలం. ఇక సంతకు వచ్చినవాళ్లు చక్రం చూస్తారా? చూడరు. ఇరుసు చూస్తారా? చూడరు. గబగబా వచ్చి, నొగ మీద వేలు పెట్టి, ఒకటీ రెండూ మూడూ అని గాట్లు లెక్కపెడతారు. తక్కువుంటే మంచి రథం, ఎక్కువుంటే ముసలి రథం. అంతే! బయ్యన కూడా ఆ దేశం వాడేగా, వేలు సిద్ధం చేసుకునే వచ్చాడు.

సంతలో అడుగు పెట్టగానే చౌడయ్య అనే వర్తకుడు చెయ్యి పట్టుకున్నాడు. "రండి రండి వైద్యులుగారూ! లెక్కపెట్టుకోండి!"

బయ్యన లెక్కపెట్టాడు. ఇరవై గాట్లు! ఎర్ర రంగు మెరుస్తోంది, ఇత్తడి బొమ్మలు తళతళలాడుతున్నాయి. ఏడేళ్ల కిందట ఒక దొర మోజుపడి కొని, రెండు నెలలు తిరిగి, పాకలో పెట్టేశాడట.

"ఏడేళ్లూ కదల్లేదా?" అన్నాడు బయ్యన.

"కదిలితే అరిగిపోదూ! పెళ్లికూతురిలా దాచారు."

బయ్యనకు ఒక అలవాటుంది. రోగి ఏం చెప్పినా, ముందు నోరు తెరవమని నాలుక చూస్తాడు. ఆ అలవాటు కొద్దీ చక్రం నడిమి బొడ్డులోకి వేలు పోనిచ్చాడు. లోపలి కందెన ఎండి, మాడిన పాకంలా గట్టిపడి ఉంది. చక్రం ఆకులను, అదే, బొడ్డు నుంచి అంచు దాకా వెళ్లే కర్రలను, తట్టి చూశాడు. లొటలొటమన్నాయి. కర్ర ఎండి కుంచించుకుపోయింది.

అయినా వదలబుద్ధి కాలేదు. ఇరవయ్యే గాట్లు మరి! "కొందామా? వద్దా? కొంటే దారిలో ఏమవుతుందో! కొనకపోతే ఇంకోటి దొరుకుతుందో లేదో!" అని కండువా కొస నములుతూ నిలబడ్డాడు.

అంతలో తలారిగారి అల్లుడు కేతరాజు వచ్చాడు. మీసం ఎంతో తొందరపాటూ అంతే. గాట్లు లెక్కపెట్టాడు, చంకలు గుద్దుకున్నాడు, అక్కడికక్కడే బేరం ముగించాడు. "ఆలోచిస్తూ ఉండవయ్యా వైద్యుడా, వచ్చే సంత దాకా!" అని నవ్వుకుంటూ పోయాడు.

"అయ్యో, పోయింది! మంచిది కాస్తా చెయ్యిజారిపోయింది!" అని బయ్యన నెత్తి మొత్తుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. నీలమ గుర్తొచ్చి పక్క రథం వైపు పరుగెత్తాడు.

రెండో రథం పోచనది. పోచన పగ్గాలు పట్టడంలో ఎంత గట్టివాడో, మాటల్లోనూ అంత గట్టివాడు. దాని నొగ మీద నలభై గాట్లు.

"నలభై అంటే నాలుగు వందల కోసులు. పందెపు రథానికి అదొక లెక్కా! నిన్నగాక మొన్న పుట్టినట్టు" అన్నాడు పోచన.

బయ్యన ఎక్కి నిలబడ్డాడు. అడుగు చెక్క మీద రెండు పాదాల గుంటలు పడి ఉన్నాయి. ఎవరి పాదాలో ఏళ్ల తరబడి అక్కడే ఆని ఆని చెక్కను తినేశాయి. పట్టుకునే కమ్మి మధ్యలో అరిగి సన్నబడింది. కింద నొగ చూస్తేనేమో పచ్చి కర్ర వాసన ఇంకా పోలేదు.

బయ్యన మెల్లగా అడిగాడు. "పోచనా, నాలుగు వందల కోసులకే చెక్క ఇంత గుంట పడుతుందా?"

"అది... తోలినవాడు కాస్త బరువైన మనిషి లెండి."

"నొగ మార్చావా?"

పోచన ముఖం పక్కకు తిప్పుకుని, గుర్రం లేని పగ్గాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. బయ్యన దిగిపోయాడు. నొగ ఒక్కటే మార్చి గాట్లన్నీ మింగేసినవాడు, లోపల ఇంకేం మింగాడో ఎవరికి తెలుసు!

పొద్దు వాలుతోంది. సంత చివర ఒక్క రథం మిగిలింది. రంగు వెలిసిపోయింది. నొగ పైభాగమంతా గాట్లే. చోటు చాలక అడుగుభాగాన కూడా గాట్లే. దాని పక్కన గంగసాని అనే ముసలామె కూర్చుని కందెన ముంత కలుపుకుంటోంది. ఒకప్పుడు తనే పందేలు తోలిన మనిషి. చూపు మందగించి, ఇక తోలలేక అమ్మకానికి పెట్టింది. వచ్చేపోయేవాళ్లు "ఇది రథమా, దువ్వెనా!" అని ఎగతాళి చేస్తున్నారు.

బయ్యన వేలు పెట్టి లెక్కపెట్టబోయాడు. నూట యాభై దాటాక లెక్క తప్పింది.

"లెక్క నేను చెబుతాలే నాయనా" అంది గంగసాని. "మూడు వందల పన్నెండు. ముందు దీని జబ్బులు విను. ఆ తర్వాత కొంటే కొను, లేకపోతే పో."

బయ్యన తెల్లబోయాడు. వస్తువు పెట్టుకుని జబ్బులు చెప్పే మనిషిని ఆ సంతలో అతను చూడనే లేదు.

"ఎడమ చక్రం ఉందే, అయిదు కోసులకోసారి కందెన అడుగుతుంది. పెట్టకపోయావా, బొడ్డు వేడెక్కి ఇరుసు పట్టేస్తుంది. కాడి దగ్గర కుడి తోలుపట్టీ పాతది, నెల లోపల మార్చు. దిగుడు దారిలో తోలవద్దు, దిగి నడిపించు. ఇవీ జబ్బులు. ఇరుసు పోయిన వేసవిలో కొత్తది వేయించాను. చక్రాలకు ఇనప కట్టు రెండేళ్ల నాటిది. పని లేని రోజుల్లో కూడా వారానికోసారి కట్టి నాలుగు అడుగులు తిప్పేదాన్ని."

బయ్యన చక్రం బొడ్డులో వేలు పెట్టాడు. కందెన మెత్తగా, కొత్త వెన్నలా తగిలింది. ఆకులు తట్టాడు. ఒక్కటీ కదల్లేదు. గంగసాని గుర్రాలనే కట్టి సంత చుట్టూ తిప్పాడు. కిర్రుమనలేదు.

అయినా అతని మనసు కుదుటపడితే గదా! "అవ్వా, మూడు వేల కోసులు తిరిగింది ఇది. ఇంకో పన్నెండు తిరుగుతుందా? నా మేనకోడలి ప్రాణం దీని మీద పెడుతున్నాను. నాకు భయంగా ఉంది" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

గంగసాని అతని చెయ్యి తడిమి పట్టుకుంది. "నాకూ ప్రతి పందెం ముందూ భయమేసేది నాయనా. అందుకే ప్రతిసారీ దిగి చూసుకునేదాన్ని. నువ్వూ అయిదో కోసు దగ్గర ఆగు. ఎంత తొందరున్నా సరే ఆగు. మిగతాది అది చూసుకుంటుంది."

బయ్యన వడ్డాణం ఆమె చేతిలో పెట్టి, రథాన్నీ గుర్రాలనూ తీసుకుని ఇంటిదారి పట్టాడు.

మర్నాడు తెల్లారుతూనే తీగ నూరారు. రెండు కడవలు గడ్డిలో కుదురుగా పెట్టి, మూతికి గుడ్డ కట్టారు. బయ్యన పగ్గాలు పట్టాడు. రథం కదిలింది. ఏం పరుగు! ఏం పరుగు! ఒకటో కోసు రాయి, రెండు, మూడు, నాలుగు... గాలికి అతని కండువా ఎటు పోయిందో కూడా తెలియలేదు.

అయిదో రాయి వచ్చింది. ఆగాలి. కానీ ఎలా ఆగడం? పసరు పులుస్తోందేమో! నీలమ కళ్లు మూస్తోందేమో! పగ్గాలు లాగాడు గానీ, మనసు ముందుకే లాగింది. దిగి, గబగబా కందెన పెడుతుంటే సగం నేలపాలైంది.

అప్పుడే వెనక నుంచి ఎర్ర రథం దూసుకొచ్చింది. కేతరాజు! కొత్త రథం ముచ్చట తీర్చుకోవడానికి సముద్రం చూడబోతున్నాడు. "ఏమయ్యా, అయిదు కోసులకే ఆయాసమా!" అని అరిచి, దుమ్ము కొట్టి పోయాడు. ఆ దుమ్ములో నిలబడి బయ్యన తనను తాను తిట్టుకున్నాడు.

ఎనిమిదో రాయి దగ్గర చూస్తే ఏముంది! ఎర్ర రథం పక్కకు ఒరిగి ఉంది. చక్రం ఆకులు పుల్లల్లా చెల్లాచెదురై ఉన్నాయి. కేతరాజు తుమ్మకంపలో కూర్చుని మడమ పట్టుకుని మూలుగుతున్నాడు. బయ్యన మంచినీళ్ల ముంత అందించాడు. "పిల్ల ప్రాణం మీద ఉంది నాయనా. తిరుగు ప్రయాణంలో ఎక్కించుకుంటాను" అని కదిలాడు. నిన్న కేతరాజు రాకపోతే ఆ రథాన్ని తనే కొని ఉండేవాడు!

పదో రాయి. కడవ మూతికి కట్టిన గుడ్డ అంచున చిన్న నురగ బుడగ కనిపించింది. బయ్యన పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకా రెండే కోసులు. ఆగకుండా పోతే? ఒక్కసారికి ఏమవుతుంది? గుర్రాల నడక తగ్గించి, వంగి ఎడమ చక్రం బొడ్డు మీద చెయ్యి పెట్టాడు. చుర్రుమంది. ఏడుస్తూనే ఆగాడు. ఏడుస్తూనే కందెన పెట్టాడు. "అవ్వ చెప్పింది, అవ్వ చెప్పింది" అనుకుంటూ మళ్లీ ఎక్కాడు.

ఉప్పురేవు చేరేసరికి ఏరమ వీధిలోనే నిలబడి ఉంది. ఆమె వేలితో లోపలికి చూపించింది. బయ్యన గుడ్డ విప్పి పసరు నాలుక మీద వేసుకున్నాడు. చేదు! ఇంకా చేదుగానే ఉంది, పులవలేదు! నీలమ పళ్లు విడదీసి చెంచాతో పోశాడు. తర్వాత ఇంటింటికీ తిరిగి పోశాడు. పోసిన కాసేపటికే కడవలో మిగిలింది పొంగి పులిసిపోయింది.

ఇక ఎదురుచూపు. ఊరు ఊరంతా గుమ్మాల్లో కూర్చుంది. పొద్దు వాలే వేళకు నీలమ నుదుటికి చెమట పట్టింది. కళ్లు తెరిచి, "మామా, ఆకలేస్తోంది" అంది. అంతసేపూ బిగబట్టుకుని ఉన్న బయ్యన చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

మర్నాడు తిరుగు దారిలో, రాత్రి పక్క పల్లెలో తలదాచుకుని ఎనిమిదో రాయి దగ్గర కాచుకున్న కేతరాజును ఎక్కించుకున్నాడు. వాడు కుంటుతూ ఎక్కి, నొగ వంకే చూస్తూ, "నాది ఇరవై గాట్ల రథం కదా, ఎలా విరిగింది?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. అయిదో రాయి రాగానే బయ్యన రథం ఆపి, కందెన ముంత వాడి చేతిలో పెట్టాడు.

కాబట్టి పిల్లలూ, కొనే వస్తువు ఎంత దూరం తిరిగిందో తప్పక అడగండి, కానీ తిరిగినన్నాళ్లూ దాన్ని ఎలా చూసుకున్నారో అంతకంటే గట్టిగా అడగండి. లోపం దాచిన మనిషి దగ్గర కొత్తది కొనేకంటే, లోపం విప్పి చెప్పిన మనిషి దగ్గర పాతది కొనడమే మేలు.