రోడ్డు వాలు

కంబగిరయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుకుంటుంది. వైరాగ్యం గురించి అడిగిన ఒకాయనకు మండుటెండలో ఈయన పెరటి బావి పూడిక తీయవలసి వచ్చింది. అందుకే నాలాంటి బద్ధకస్తులం ఆయన ఎదుట నోరు విప్పేవాళ్ళం కాదు. ఆయన కాషాయం కట్టిన మనిషి కాదు. నంద్యాల పక్క పల్లెలో బడిపంతులుగా చేసి పదవీ విరమణ పొందిన గృహస్థు. సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరే మేమంతా ఆయనను స్వామీ అనే పిలిచేవాళ్ళం.

ఆ రోజు అడిగినవాడు మద్దిలేటి. సొంత కారు బాడుగకు తిప్పుకుంటాడు. అతని తాగుడు భరించలేక భార్య సుంకులమ్మ బిడ్డనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఉగాదికి ముందు స్వామి దగ్గర మంత్రం తీసుకుని అతను సీసా ముట్టడం మానేశాడు. ఆ సంగతి చెవినపడి ఆమె కబురు పంపింది. తన ఎదురుగా నిలబడి మానేశానని ఒక్క మాట చెబితే వచ్చేస్తానంది. అది అబద్ధమైతే మాత్రం ఇంకెన్నడూ తన గడప తొక్కొద్దంది.

“ఆ మాటే నోట రాదు స్వామీ,” అన్నాడు మద్దిలేటి. “తాగలేదు, నిజమే. కానీ బ్రాందీ షాపు ముందర పోతే ఇప్పటికీ మనసు అటే పోతాంది. మరి నేను మానినట్టా, మాననట్టా? మీరిచ్చిన మంత్రం పని చేసిందా, లేదా?”

స్వామి ఆ మాట విననట్టే, “నీ బండి బాగయిందా?” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మనిషి తన బతుకు గురించి ఏడుస్తుంటే బండి గొడవేమిటి? మద్దిలేటికి మాత్రం బాధ పోయి కోపం వచ్చింది. గుంతలో పడ్డప్పటి నుంచీ కారు పక్కకి పోతోందని ముందురోజే ఒక షెడ్డులో చక్రాల వంకర సరిచేసే వీల్ అలైన్‌మెంట్ చేయించాడు.

“యాడ బాగు స్వామీ! నేను టీ తాగి వచ్చేలోపలే అయిపోయిందన్నారు. మిషన్లో ఏందో గీతలు చూపించినారు. చేసినారో, ఊరికే తుడిచి ఇచ్చినారో, ఎవరికి తెలుసు? ఇప్పటికీ ఎడమకే లాగుతాంది.”

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత మద్దిలేటి పుట్టాడన్నది అరుగు మీద అందరం అనుకునే మాటే. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

“చూద్దాం పద. సుంకులమ్మ ఊరి దారినే పోదాం,” అని స్వామి కండువా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక ఎక్కాను.

ఊరు దాటాక ఆ రోడ్డు నల్లరేగడి చేల మధ్య కనుచూపు మేర వంకర లేకుండా పోతుంది. మనిషి అలికిడి లేదు. స్వామి స్టీరింగు వదలమన్నారు. మద్దిలేటి వదిలాడు. కారు కాసేపు తిన్నగా పోయినట్టే పోయి, మెల్లగా ఎడమ పక్క గట్టు వైపు జరిగింది. అతను గభాలున స్టీరింగు పట్టుకుని, “చూసినారా! దొంగ నా కొడుకులు!” అన్నాడు. ఆ తిట్టులో షెడ్డువాళ్ళ వాటా సగమే, మిగతాది తనకే అనిపించింది నాకు.

“ఇప్పుడు కుడి పక్కకి పోయి వదులు.”

అతను రోడ్డుకు కుడివైపు చేరి చేతులెత్తాడు. అదే కారు ఈసారి మెల్లగా కుడికి జరిగింది.

“ఏం నాయనా, రెండు పక్కలకీ చెడగొట్టినారా?” అన్నారు స్వామి.

మద్దిలేటి కారు ఆపేశాడు. స్వామి దిగి, తాగే నీళ్ళ సీసా తెచ్చి రోడ్డు నడుమ ఒలకబోశారు. నీళ్ళు క్షణం ఆగి, రెండుగా చీలి, కొన్ని ఎడమ చేను వైపు, కొన్ని కుడి చేను వైపు పాకాయి. వాన నిలవకూడదని రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. రోజూ దాని మీదే బతుకుతున్న మద్దిలేటికి ఆ సంగతి ఎన్నడూ తోచలేదు. నాకూ అంతే.

“ఇంక నడుమ పోనీ.”

కారు నడిమధ్యకు వచ్చింది. అతని వేళ్ళు ఒక్కొక్కటే స్టీరింగును వదిలాయి. దారం పట్టి గీసినట్టు బండి తిన్నగా పోతోంది. ముందు ఆకాశం, రెండు పక్కలా నల్లటి నేల, ఎవరి చెయ్యీ లేకుండా సాగిపోతున్న బండి. నిన్న ఏదో షెడ్డులో ఎవరో, కంటికి ఆననంత తేడాను సరిచేసి పంపారు. ఆ పని ఇప్పుడు మా కింద చప్పుడు లేకుండా నడుస్తోంది, మేము నమ్మినా నమ్మకపోయినా. ఉన్నమాట చెప్తున్నాను, గుడిలో హారతి ముందు కూడా నాకు అంత భయభక్తులు కలగలేదు. మద్దిలేటి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. చేతులు ఖాళీగానే ఉన్నా తుడుచుకోవడం మరిచిపోయాడు.

“చేసినారు స్వామీ,” అన్నాడు. “నిజంగానే చేసినారు.”

అంతలో ఎదురుగా లారీ కనబడింది.

“పక్కకి తియ్యి, చెయ్యి వేసుకో,” అన్నారు స్వామి. “నడిమధ్యన మనల్ని ఎంతసేపు పోనిస్తారు?”

మద్దిలేటి స్టీరింగు పట్టి ఎడమకి తీశాడు. లారీ దుమ్ము రేపుకుంటూ దాటిపోయింది. బండి మళ్ళీ అంచుకేసి లాగింది. ఈసారి అతను ఎవరినీ తిట్టలేదు. కొంచెం కొంచెంగా సర్దుకుంటూ నడిపాడు. సుంకులమ్మ ఊరి ఇళ్ళు కనబడగానే వేగం తగ్గించి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

“ఆమెకేం చెప్పేది స్వామీ?”

“చక్రాలు బాగుండాయని చెప్పు. రోడ్డు వాలుగా ఉండాదని కూడా దాచకు.”